అక్క చేతుల్లోని రోడ్డు

"స్టీరింగు ఎడం పక్కకి లాగేత్తందండీ," అంది ఫోన్లో ఆవిడ.

"ప్లగ్గు సరిగ్గా పెట్టారా?" అన్నాను.

"ఆయ్, పెట్టామండీ. ప్లగ్గు పెట్టకపోతే అసలు లాగదు కదండీ."

నిజమే. అయినా ఆ ప్రశ్న అడగకుండా ఉండలేను. రేసింగ్ సిమ్యులేటర్లు బాగుచేసే పనిలో జుట్టు నెరిసినదాన్ని. ఒక సీటు, ఎదురుగా మూడు తెరలు, కాళ్ళ దగ్గర పెడళ్ళు, చేతిలో స్టీరింగు. ఆ స్టీరింగు వెనకాల ఒక మోటారు. తెర మీది కారు గుంటలో పడితే ఆ మోటారు చక్రాన్ని కుదుపుతుంది. మలుపులో టైరు జారితే చక్రం చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. అది పాడైందని ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది బోల్టు బిగించి ఉండరు. మిగతా సగం మంది తమ మోకాలితోనే మోటారు ఆపే ఎర్ర బటన్ నొక్కేసి, మోటారు చచ్చిపోయిందని నా మీద కేకలేస్తారు. అందుకే నేను మనుషుల మాట ఒక పట్టాన నమ్మను. చక్రం ఏం చెబుతుందో విన్నాకే నోరు విప్పుతాను.

ఆ ఫోన్ ఆత్రేయపురం నుంచి. చేసినావిడ పేరు సత్యవేణి. వాళ్ళింట్లో ఉన్నది మామూలు సిమ్యులేటర్ కాదు. కాకినాడలో నేను పనిచేసే ల్యాబ్ తయారుచేసిన మొట్టమొదటి జోడు చక్రం. దానికి ఏమైనా అయితే ఫోన్లో చెప్పి సరిపెట్టకూడదని ల్యాబ్ పెద్ద డాక్టర్ పరాంకుశం గారి ఆర్డరు. తిట్టుకుంటూ బ్యాగు సర్దుకుని బస్సెక్కాను.

వాళ్ళ ఇల్లు కాలవ గట్టును ఆనుకుని ఉంది. వసారాలో పొయ్యి, దాని మీద బోర్లించిన నున్నటి కుండ. పూతరేకులు తీసే కుండ అది. ముందుగదిలో సిమ్యులేటర్, దాని వెనక బియ్యం బస్తాలు, రేకులు దాచే రేకు డబ్బాలు. సీట్లో సత్యవేణి చెల్లెలు తనూజ కూర్చుని ఉంది.

తనూజ కథ ల్యాబులో అందరికీ తెలుసు. తల్లి పోయాక అక్క చేతుల్లో పెరిగిన పిల్ల. పూతరేకుల డబ్బాలు వ్యానులో వేసుకుని గట్టు రోడ్డు మీద రావులపాలెం దాకా తోలుతూ తోలుతూ స్పీడు మరిగింది. రాజమండ్రిలో ఒక ఆటల దుకాణంలో సిమ్యులేటర్ ఎక్కి, అక్కడున్న మగపిల్లలందరికీ చుక్కలు చూపించింది. ఆన్‌లైన్ పోటీల్లో పేరు తెచ్చుకుంది. నిజం కారు తోలి చూపించమని చెన్నైలో ఒక రేసింగ్ జట్టు కబురు పంపింది. వెళ్ళేలోగా జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ మోచేతుల కింద నరాలు దెబ్బతిన్నాయి. ఆ చేతులు కదులుతాయి, వస్తువుల్ని పట్టుకుంటాయి. పట్టుకున్నదేమిటో మాత్రం వాటికి తెలియదు. వేడి లేదు, చల్లన లేదు, గరుకు లేదు, నునుపు లేదు. గ్లాసు పట్టుకుంటే దాన్నే చూస్తూ ఉండాలి. చూపు తిప్పితే జారిపోతుంది. ఇక స్టీరింగు సంగతి చెప్పక్కర్లేదు, కారు తోలేవాళ్ళకి రోడ్డు సగం చేతుల్లోనే తెలుస్తుంది.

చెన్నై జట్టు మాత్రం మంచిది. వచ్చే ఎంపికల దాకా చోటు ఉంచుతామంది. ఆ లోగా చేతులు తెచ్చుకోవాలి.

అందుకే జోడు చక్రం. ఒకే రోడ్డు కుదుపు రెండు చక్రాలకీ ఒకేసారి వెళుతుంది. ఒకటి తనూజ చేతిలో ఉంటుంది, రెండోది పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్న సత్యవేణి చేతిలో. సత్యవేణి ముంజేతులకు కట్టిన పట్టీలు ఆమె వేళ్ళకు తెలిసినదాన్ని నరాల్లోంచి చదువుతాయి. చదివి, తనూజ మోచేతుల పైన, నరాలు ఇంకా బతికున్న చోట కట్టిన పట్టీలకు అందిస్తాయి. మొదట్లో తనూజకు ఉత్త చీమలు పాకినట్టు ఉండేదట. ఒకరోజు మలుపు దగ్గర "అక్కా, కంకర!" అని అరిచి, బండి ఆపేసి ఏడ్చేసిందట. ఇలా కొన్ని నెలలు అలవాటు చేస్తే పడుకున్న నరాలు తమంతట తామే లేస్తాయని పరాంకుశం గారి ఆశ. నేను వెళ్ళేనాటికి తనూజ కుడి చూపుడువేలు కొసకి సొంతంగా కాస్త స్పర్శ వచ్చింది కూడా.

అక్క చేతుల్నే ఎందుకు తీసుకున్నారంటే, ల్యాబులో ఎంతోమంది వేళ్ళు పరీక్షించినా సత్యవేణి వేళ్ళంత స్పష్టంగా ఏవీ పలకలేదు. పలకవు మరి. పలచటి పిండిలో ముంచిన గుడ్డని కాలే కుండ మీద ఒక్క లాగు లాగితే కంటికి ఆనీ ఆనని పొర ఏర్పడుతుంది. దాన్ని చిరక్కుండా లేపాలంటే వేలికి ముందుగా తెలియాలి. ఆవిడ ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్న పని అది.

నేను బోల్టులు చూశాను, వైర్లు పీకి పెట్టాను, కంప్యూటర్లో లెక్కలు సరిచూశాను. నా చేత్తో స్విచ్ వేసి నడిపితే చక్రం ముత్యంలా నడిచింది. ఎడమకీ లేదు, కుడికీ లేదు.

"బాగానే ఉంది కదండీ," అన్నాను కాస్త కటువుగానే.

"మేం వేసినప్పుడే లాగుతుందండీ," అంది తనూజ. "డాక్టరొస్తే జ్వరం దిగిపోయినట్టు మిమ్మల్ని చూసి బుద్ధిగా ఉంటోంది."

"అయితే మీరే వెయ్యండి, చూస్తాను."

తనూజ మోచేత్తో స్విచ్ నొక్కింది. అదే క్షణాన సత్యవేణి ముందుకు వంగి, చక్రం మీద రెండు చేతులూ ఆనించి, ఆ చేతుల్ని కళ్ళకద్దుకుంది. మళ్ళీ ఆనించి, మళ్ళీ అద్దుకుంది.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"దణ్ణం పెట్టుకుంటన్నానండీ."

"స్టీరింగుకా?"

"పొయ్యి ఎలిగించే ముందు కుండకి పెట్టుకోవా? ఇదీ అంతేనండీ. ముక్కులో ఆడే ఊపిరికే నమ్మకం లేని రోజుల్లో మా పిల్లకి చేతులిత్తంది కదా."

నాకు నవ్వు ఆగలేదు. కరెంటు రాగానే ఆ చక్రం అటు కొంచెం, ఇటు కొంచెం తిరిగి తన నడిమధ్య ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఆ కాసేపూ దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సరిగ్గా అప్పుడే ఈవిడ భక్తంతా దాని మీద ఆనించి వంగుతోంది. పాపం చక్రం, ఆ బరువు పడిన చోటే తన మధ్య అనుకుని, దారంతా ఎడమకి పోతోంది. నా ఉద్యోగంలో ఎలుక కొరికిన వైర్లు చూశాను, టీ తాగిన మోటార్లు చూశాను. దణ్ణం వల్ల దారి తప్పిన చక్రాన్ని అదే చూడటం.

"ఇకనుంచి దూరం నుంచే పెట్టుకోండి. పట్టుకుంటే దానికి మధ్య తెలీదు, ఎర్రలైటు వేసుకుని కూర్చున్నా కూర్చుంటుంది," అన్నాను.

"ఆయ్, అలాగేనండీ. దేవుడికైతే మాత్రం, గర్భగుడిలోకి వెళ్ళి ముట్టుకుంటామా ఏటి," అని సర్దుకుందావిడ. తనూజ పొట్ట పట్టుకుని నవ్వింది.

బయల్దేరబోతుంటే పళ్ళెంలో పూతరేకులు పెట్టి ఇచ్చింది. మడత విప్పి వెలుతురుకు పట్టి చూశాను. అవతలున్న కిటికీ ఊచలు కనిపించాయి. ఎక్కడా చిన్న చిరుగు లేదు. నోట్లో పెట్టుకుంటే నెయ్యి, బెల్లం మిగిలాయి, రేకు ఎప్పుడు కరిగిందో తెలియలేదు. ఆ రోజు నుంచి ఆత్రేయపురం ఫోన్ వస్తే తిట్టుకోవడం మానేశాను.

కాకినాడలో పరాంకుశం గారు ప్రతి సాయంత్రం తనూజ నడిపిన రోడ్లను తన తెర మీద చూసుకుని మురిసిపోయేవారు. మనిషి చెడ్డవారు కాదు. మూడు పూటలా గుర్తుచేస్తే ఒక పూట తింటారు, అంతే. "చూడండి వాసంతి గారూ, ఈ అమ్మాయి జారే టైరుని జారకముందే పట్టుకుంటోంది," అనేవారు. ఆ పిల్ల పట్టుకుంటోందా, ఆ పిల్ల అక్క పట్టుకుంటోందా అని నేను అడిగితే, "అదే కదా అందం," అని నవ్వేవారు.

మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి తనూజ చేసింది.

"బలం తగ్గిందండీ. కంకర మీద పోతున్నా తారు రోడ్డులాగే ఉంటోంది. దూది చుట్టి పట్టుకున్నట్టుంది."

వెళ్ళాను. మోటారు వేడెక్కుతోందేమో చూశాను. కరెంటు సరిగ్గా అందుతోందో లేదో చూశాను. రెండు చక్రాలూ నా చేతిలో ఎప్పటిలాగే బలంగా కుదిపాయి. లోపం దొరకలేదు. దొరకలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక, కంప్యూటర్లో కుదుపు బలం కొంచెం పెంచి, "ఇప్పుడు చూడండి," అన్నాను. తనూజ నడిపి, "ఆఁ, కాస్త నయం," అంది.

సత్యవేణి పళ్ళెం తెచ్చింది. అన్నీ ముక్కలు.

"ఏమనుకోకండే. కొత్త బియ్యమండి, పిండి కుదరట్లేదు," అంది.

"ముక్కలైతే రుచి మారుతుందా," అని తిన్నాను.

కొన్ని వారాలకే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. మళ్ళీ దూది. ఈసారి పళ్ళెం బదులు గిన్నె వచ్చింది, అందులో రేకు పొడి పొడిగా ఉంది. పాత కుండ పగిలిందట, కొత్తది ఇంకా పదునెక్కలేదట. పక్కింటివాళ్ళు వచ్చి రేకుల కోసం అడిగితే రేపు రమ్మని పంపేసింది. నేను చెంచాతో ఆ పొడి తింటూనే, దొరకని లోపం గురించి వైర్లను తిట్టుకుంటూ కూర్చున్నాను.

మా వృత్తిలో దొరకని లోపానికి ఒకటే మందు. ఒక్కొక్క భాగాన్నే మార్చి చూడాలి. ఏది మారిస్తే జబ్బు పోతుందో జబ్బు అక్కడుంది. మోటారు మార్చాను. దూదే. వైర్లు మార్చాను. దూదే. కరెంటు పెట్టె, ఆఖరికి చక్రాలు కూడా మార్చాను. ఇక పట్టీలే మిగిలాయి. కొత్త పట్టీలు తెచ్చి, అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తెలియాలని ముందు నా చేతికే కట్టుకుని సత్యవేణి పీట మీద కూర్చున్నాను. ఆవిడ వసారాలో పొయ్యి దగ్గర ఉంది.

తనూజ బండి తీసింది. నా చేతుల్లో చక్రం గరగరలాడింది.

"అమ్మో!" అని అరిచింది తనూజ. "వచ్చేసిందండీ! గులకరాళ్ళు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి! అక్కా, రా, బాగైపోయింది!"

నేను స్క్రూలు తిప్పీ తిప్పీ వేళ్ళు కాయలు కాచినదాన్ని. నా చేతుల్లోంచి ఆ పిల్లకి గులకరాళ్ళు తెలుస్తున్నాయంటే పట్టీలు మంచివన్నమాట. వెంటనే పాత పట్టీలు కట్టుకుని చూశాను. అవీ మంచివే. అన్నీ మార్చాను, ఒక్క మనిషిని తప్ప. ఇప్పుడు మనిషి మారింది, జబ్బు పోయింది.

సత్యవేణి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "హమ్మయ్య. బాగైంది కదండీ. ఇంక లెగండి, నేను కూకుంటాను," అంది. ఆ తొందర చూసి నేను లేవలేదు.

"సత్యవేణి గారూ, ఒక్కసారి కళ్ళు మూసుకోండి," అన్నాను.

"ఎందుకండీ బాబూ?"

"మూసుకోండి."

మూసుకుంది. నాకు పెట్టిన పొడి గిన్నెలోంచి కాస్త పెద్ద రేకు ముక్క తీసి ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టాను. ఆవిడ అలాగే కళ్ళు మూసుకుని నిలబడింది. ముఖం మీద చిన్న నవ్వు, పరీక్షకి వచ్చిన పిల్లలా.

"పెట్టండి మరి," అంది.

రేకు అప్పటికే ఆమె వేళ్ళ మధ్య ఉంది. తనూజ సీట్లోంచి తిరిగి చూస్తోంది. గదిలో కారు ఇంజను ఒక్కటే మోగుతోంది. తనూజ పెడల్ మీంచి కాలు తీసేసింది.

"ఎప్పట్నించక్కా?" అంది.

కళ్ళు తెరిచి, వేళ్ళ మధ్య ఉన్నదాన్ని చూసుకుని, సత్యవేణి తేలిగ్గా నవ్వేసింది. "ఏటే ఇప్పుడు? చలికాలం. వేళ్ళు మొద్దుబారవా?"

"ఎప్పట్నించి?"

"నీకు చూపుడువేలు వచ్చాక, మెల్లమెల్లగా," అంది చివరికి.

తనూజ ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఆవిడ మాత్రం బియ్యం బస్తా మీద కూర్చుని పమిట చెంగుతో చెల్లెలి బుగ్గలు తుడుస్తూ, "నా చేతులు చూడాల్సినంత చూసేశాయే. ఊళ్ళో ఎవరైనా రేకులు తీత్తారు. నువ్వు తోలేది ఎవరు తోలతారు?" అంటూనే ఉంది. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ ముక్కలన్నీ తిన్న నా నోటి మీద కూడా వచ్చింది.

అక్కాచెల్లెళ్ళని కాకినాడ తీసుకెళ్ళి పరీక్షలు చేయించాను. పరాంకుశం గారు కాగితాలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకే కబురు రెండిళ్ళకి పంపుతున్నాం," అన్నారు. "చెల్లెలింట్లో ఆశగా ఎదురుచూస్తున్నారు, వచ్చిందల్లా చదువుకుంటున్నారు. సొంతింట్లో మెల్లగా తలుపు తీయడం మానేశారు. ఈవిడ వేళ్ళకి ఏమీ కాలేదు. ఆ వేళ్ళ మాట ఈవిడ మెదడు వినడం లేదు. ఇలా అవుతుందని నేను అనుకోలేదమ్మా. అనుకోవలసింది."

"ఆపేస్తే తిరిగొస్తుందా?" అంది తనూజ.

"రావచ్చు. రాకపోవచ్చు. ఆపితే నీ మిగతా వేళ్ళు ఎక్కడివి అక్కడే ఆగిపోతాయి. వేరేవాళ్ళ చేతులతో మొదలుపెడదామంటే వాళ్ళకీ ఇదే జరుగుతుంది. తెలిసీ ఇంకొకళ్ళని కూర్చోబెట్టలేను."

"నేను కూకుంటానండీ," అంది సత్యవేణి. "పోయేది సగం పోయింది. మిగతాది పోయేలోగా పిల్లకి పూర్తిగా వచ్చేయాలి. ఎంపికలు దగ్గరికొచ్చేశాయి. అంతే కదండీ లెక్క." తనూజ వద్దంటే, "పెద్దదాన్ని నేను," అని నోరు మూయించింది. ఆయన ఇద్దరి ముఖాలూ చూసి, మీరిద్దరూ ఒప్పుకుంటేనే నడపండి అని తలదించుకున్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. పైకే అన్నాను కూడా.

పది రోజులు కాకుండానే సత్యవేణి ఫోన్.

"చక్రం అసలు నడిమధ్య పట్టుకోవట్లేదండీ. ఎప్పుడేసినా ఎర్రలైటే."

"మళ్ళీ ముట్టుకుని దణ్ణం పెడుతున్నారా?"

"లేదండీ! ఒట్టు! గుమ్మం అవతల నించుని పెడుతున్నాను. పిల్ల కూకోగానే నేనే స్విచ్చేత్తన్నాను. అయినా రాట్లేదండీ. కాత్త తొందరగా రండే, రోజులు దగ్గర పడుతున్నాయి."

వెళ్ళాను. ఏ బోల్టూ ముట్టుకోలేదు. ఎప్పుడూ చేసినట్టే చేయమని గోడవార నిలబడ్డాను. తనూజ సీట్లో కూర్చుంది. సత్యవేణి గుమ్మం అవతల నిలబడి దణ్ణం పెట్టుకుని, వచ్చి స్విచ్ వేసింది. చక్రం తన మధ్య వెతుక్కోవడానికి కదలబోయింది. తనూజ దాన్ని రెండు చేతులా పట్టి బిగించేసింది. మోటారు మూలిగింది. ఎర్రలైటు వెలిగింది.

"వదలమ్మా," అన్నాను.

"వదలను," అంది తెర వైపే చూస్తూ. "పట్టుకుంటే దానికి మధ్య తెలీదని మీరేగా చెప్పారు."

సత్యవేణి అటూ ఇటూ చూసింది. "ఏటే ఇది? ఇన్నాళ్ళూ నువ్వేనా?"

"నేనే. నోటితో వద్దంటే పెద్దదాన్నంటావు. అందుకే చేత్తో చెప్తున్నాను. రోజూ వేసుకో స్విచ్చి, రోజూ పట్టుకుంటాను. నా చేతులు నాకు కావాలక్కా. ఎంత కావాలో నీకే తెలుసు. కానీ నీ చేతులు నాకొద్దు. చిన్నప్పుడు నాకు తల దువ్వింది, జ్వరమొస్తే నుదుటి మీద పెట్టింది ఆ చేతులే. వాటికేమీ తెలియకుండా చేసి నేను కారు తోలాలా? చెన్నైకి నిన్ననే ఫోన్ చేసేశాను, రానని."

సత్యవేణి బస్తా మీద కూలబడి పమిట నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకోలేక కాసేపటికి పైకే ఏడ్చేసింది. తనూజ లేచి వెళ్ళి అక్క ఒళ్ళో తల పెట్టుకుంది. నేను చూరు వైపు చూస్తూ నిలబడ్డాను, అయినా నా కళ్ళు నా మాట వినలేదు.

తల అలాగే ఉంచి అంది తనూజ, "వాసంతి గారూ, పట్టీలు తిప్పి కట్టొచ్చా?"

"అంటే?"

"నా చూపుడువేలుకి సొంతంగా తెలుస్తోంది కదా. చదివే పట్టీ నాకు, అందించే పట్టీ అక్కకి. ఇన్నాళ్ళూ ఇటు పారింది అటు పారదా?"

నేను పరాంకుశం గారికి ఫోన్ చేశాను. ఆయన వద్దన్నారు. ఆ వేలు ఇప్పుడిప్పుడే లేచిందని, దాన్నించి తీస్తే అక్కకి జరిగిందే దానికీ జరగొచ్చని అన్నారు. తనూజ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అది అక్క ఇచ్చిన వేలేనండీ. పోతే అక్క కోసమే పోతుంది," అంది. ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"పావుగంట," అన్నారు పరాంకుశం గారు చివరికి. "అంతకంటే ఒక్క నిమిషం వద్దు. చక్రం వద్దు, ఆవిడ మెదడు దాన్ని వినీ వినీ విసిగిపోయింది. ఆవిడకి చిన్నప్పటినుంచీ బాగా తెలిసినదేదైనా ఈ అమ్మాయిని పట్టుకోమనండి. వినాలనిపించాలి దానికి."

అలాంటిది ఆ ఇంట్లో ఒకటే ఉంది.

వసారాలో సత్యవేణి ఎండు కొబ్బరాకులతో పొయ్యి రాజేసింది. కుండకి దణ్ణం పెట్టుకుంది, ఈసారి దగ్గరినుంచే. నేను తనూజ ముంజేతులకి ఒక జత పట్టీలు, సత్యవేణి మోచేతుల పైన ఇంకో జత కట్టాను. ఆ చిన్న పెట్టెని ముక్కాలిపీట మీద పెట్టి స్విచ్ వేసి, వాచీ చూసుకుంటూ నిలబడ్డాను.

తనూజ గుడ్డని పిండిలో ముంచి కుండ మీద లాగింది. పొర పడింది. లేపబోతే నాలుగు ముక్కలైంది.

"ఇంత వయసొచ్చినా రేకు తీయడం రాలేదు నీకు," అంది సత్యవేణి.

"నువ్వెప్పుడు నేర్పావు? పోయి చదువుకోమనేదానివి. ఏమైనా తెలుస్తోందా?"

"ఏం తెలీట్లేదే."

రెండోది నలిగిపోయింది. మూడోది పొయ్యిలోనే పడింది. సత్యవేణి ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ వేళ్ళ వైపే చూసుకుంటూ కూర్చుంది. నాకు వాచీ వైపు చూడాలంటే భయంగా ఉంది. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి.

"ఇంక చాలే, మానెయ్," అంది సత్యవేణి. "ఆ ఒక్క వేలైనా మిగుల్చుకో."

"ఇంకొక్కటి," అంది తనూజ.

గుడ్డ లాగింది. పొర పడింది. అంచు దొరక్క వంగి, కళ్ళు చికిలించి, చూపుడువేలు కొసతో గీరింది. అంచు లేవలేదు కానీ వేలు జారి కాలే కుండకి తగిలింది.

"అబ్బా!" అని తనూజ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మా!" అని సత్యవేణీ లాక్కుంది.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. పొయ్యిలో కొబ్బరాకు చిటపటమంది. నేను పావుగంట సంగతి మర్చిపోయి, గుర్తొచ్చి, గబగబా స్విచ్ ఆపేశాను.

"చూసుకోవద్దూ? ఎంత కాలిందో చూడు," అని తిట్టడం మొదలుపెట్టింది సత్యవేణి. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, నోరు నవ్వుతోంది. కుండకి అల్లంత దూరంలో కూర్చుని, దేన్నీ తాకని తన చూపుడువేలిని నోటి దగ్గర పెట్టుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూనే ఉంది.